అయిదు పెద్ద రాగి సెంట్లు దొరికాయి: ఇవి ఏవి, ఏ గ్రేడ్, తోమి పంపాలా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలుస్తుంది. పెన్సిల్వేనియాలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి పాత సామానంతా అమ్మేచోట, మీరు పాత సిగార్ డబ్బా ఒకటి కొన్నారు. అందులో అమెరికావాళ్ల పాత పెద్ద రాగి సెంట్లు, అంటే డాలర్‌లో నూరో వంతు నాణేలు, అయిదు ఉన్నాయి. ఒకదాని మీద స్త్రీ తల, వెనక కర్ర, కర్ర చివర టోపీ ఉన్నాయి, సంవత్సరం పూర్తిగా అరిగిపోయింది, మిగతావాటికన్నా మందంగా ఉంది. రెండోది 1798 లేదా 1799, చివరి అంకె దగ్గర అనుమానం. మూడోది 1803. నాలుగోది బాగా నల్లబడిన 1812. అయిదోది 1851, దాన్ని ఎవరో తళతళలాడేలా మెరుగుపెట్టారు. ఇవి అసలువేనా, ఏ గ్రేడ్ వస్తుంది, శుభ్రం చేసి గ్రేడింగ్ కంపెనీకి (నాణెం అసలుదో కాదో చూసి, స్థితికి ఒక అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి పంపేవాళ్లకి) పంపమంటారా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఏదీ తోమకండి, ఇప్పుడే ఏదీ పంపకండి. మీ ఫోటోల్ని బట్టి 1803, 1812, 1851 మూడూ సాధారణమైనవే, వాటి గ్రేడింగ్ ఫీజు నాణేల విలువలోంచి చాలావరకు మింగేస్తుంది. తేల్చాల్సింది రెండో నాణెం. అది నిజంగా 1799 అయితే ఎంత అరిగినా వేల డాలర్ల మాట, 1798 అయితే ఆ స్థితిలో పదుల డాలర్లే. మొదటిదాని సంగతి అంచు చూస్తే గానీ తెలీదు, మీరు అంచు ఫోటో పెట్టలేదు. గ్రేడ్ విషయానికొస్తే పాత రాగికి రెండు లెక్కలు వేయాలి: ఎంత అరిగింది అనేది ఒకటి, రాగి పైపొర ఎలా ఉంది అనేది రెండోది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి లెక్క మాత్రమే వేసుకుని, ఆ తర్వాత రేటు విని నీరసపడతారు.

తోమడం గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన ఇళ్లలో రాగి చెంబు నల్లబడితే చేయి దానంతటదే చింతపండు మీదకో పీతాంబరి డబ్బా మీదకో పోతుంది. చెంబుకి అది మంచిదే. నాణేనికి మాత్రం రెండు వందల ఏళ్లుగా పట్టిన ఆ గోధుమ పొరే ప్రాణం. చింతపండు పులుపు దాన్ని కరిగించేస్తే కింద పచ్చి గులాబీ రంగు రాగి బయటపడుతుంది, ఆ రంగు చూడగానే తెలిసినవాడు నాణెం పక్కన పెట్టేస్తాడు. మీ 1851కి జరిగింది అదే. మళ్లీ గోధుమ రంగు తెప్పించడానికి రకరకాల మందులు పూసేవాళ్లున్నారు. అలా రంగు వేసిన నాణెం అంతా ఒకే రంగులో, అక్షరాల మూలల్లో కూడా తేడా లేకుండా ఉంటుంది, సహజంగా ముదిరిన రాగి అలా ఉండదు.

ఇక గుర్తుపట్టడం. ఈ పెద్ద సెంట్లు 1793 నుంచి 1857 దాకా కొట్టారు, మధ్యలో 1815 సంవత్సరం వేసిన సెంటు మాత్రం లేదు. అన్నీ ఫిలడెల్ఫియా టంకశాలలోనే కొట్టారు కాబట్టి వీటి మీద మింట్ గుర్తు ఉండదు, దానికోసం వెతక్కండి. బొమ్మ వైపు మారుతూ వచ్చిన తలల్ని బట్టి రకాలు విడదీస్తారు. 1793 మార్చిలో మొదట వచ్చినవి చెయిన్ సెంట్లు, బొరుసు వైపు పదిహేను కొక్కేల గొలుసు ఉంటుంది. కొట్టింది 36,103 మాత్రమే. స్వేచ్ఛ దేవత ఉన్న నాణెం మీద గొలుసేమిటని పత్రికల్లో విమర్శలొచ్చాయి. అదే ఏడాది గొలుసు తీసేసి ఆకుల దండ పెట్టారు, అవి రీత్ సెంట్లు. ఆ తర్వాత 1793 చివరి నుంచి 1796 దాకా టోపీ తల, అంటే లిబర్టీ క్యాప్. 1796 నుంచి 1807 దాకా భుజాల మీద వస్త్రం కప్పుకున్న తల, దీన్ని డ్రేప్డ్ బస్ట్ అంటారు, చెక్కింది రాబర్ట్ స్కాట్. 1808 నుంచి 1814 దాకా తలకి పట్టీ కట్టుకున్న జాన్ రైక్ బొమ్మ, అది క్లాసిక్ హెడ్. 1816 నుంచి మేట్రన్ హెడ్, 1839 నుంచి చివరిదాకా క్రిస్టియన్ గోబ్రెక్ట్ చెక్కిన జడముడి తల, బ్రేడెడ్ హెయిర్.

సంవత్సరం పోయినా సరే తల, అంచు, బరువు ఈ మూడూ ఉంటే చాలావరకు తేలిపోతుంది. బరువు ముఖ్యం ఎందుకంటే 1795 చివర్లో రాగి ధర పెరిగిందని సెంటు బరువు తగ్గించారు. అంతకుముందు మందపాటి బిళ్ల, కొత్తలో 13.48 గ్రాములు. తర్వాతది 10.89 గ్రాములు, ఆ బరువే 1857 దాకా నడిచింది. మందపాటివాటిలో చెయిన్ సెంటుకి అంచు మీద తీగా గీతలూ ఉంటాయి, రీత్ సెంట్లలో కొన్నిటికి తీగ, కొన్నిటికి అక్షరాలు, టోపీ సెంట్లకి అక్షరాలు. "వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్" అని అంచు చుట్టూ లోపలికి గుచ్చినట్టు ఉంటుంది. బరువు తగ్గించాక అంచు నున్నగా వదిలేశారు. మీరు కొనాల్సింది పదిహేను ఇరవై డాలర్ల నగల తక్కెడ ఒకటి, గ్రాములో నూరో వంతు చూపించేది, పదింతలు పెద్దది చేసే భూతద్దం ఒకటి. అంతకుమించి మొదట్లో ఏమీ అక్కర్లేదు.

మీ మొదటి నాణెం మందంగా ఉందన్నారు కాబట్టి 1793 నుంచి 1795 మధ్యది. బొమ్మ వైపు చుట్టూ అంచు వెంట గుండ్రటి పూసలు వరుసగా ఉంటే 1793, దాన్ని వెంటనే మెత్తటి కవర్లో పెట్టి నాకు మెసేజ్ చేయండి, ఎందుకంటే ఆ ఏడాది టోపీ సెంట్లు 11,056 మాత్రమే కొట్టినట్టు లెక్క. పూసలకి బదులు పళ్లలాంటి గీతలుంటే 1794 లేదా 1795. మీ బొమ్మ వైపు ఫోటోలో కుడి అంచు దగ్గర పళ్లే కనిపిస్తున్నట్టున్నాయి, కాబట్టి 1794 అయ్యే అవకాశమే ఎక్కువ. 1794కి అచ్చు రకాలు యాభైకి పైగా ఉన్నాయి, అందుకే పెద్ద సెంట్లు సేకరించేవాళ్లలో చాలామందికి ఆ సంవత్సరం అంటే పిచ్చి ప్రేమ. వాటిలో ఎస్-48 అనేది ఒకటి ఉంది. దాని బొరుసు వైపు అంచు పళ్ల మధ్యలో 94 బుల్లి నక్షత్రాలు చెక్కి ఉంటాయి, ఎందుకు చెక్కారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అరిగిన నాణెం మీద కూడా ఒకటి రెండు నక్షత్రాలు మిగిలి ఉండొచ్చు, అందుకని బొరుసు అంచు మొత్తం భూతద్దంతో ఒక చుట్టు చూడండి. దొరుకుతుందని కాదు, చూడకుండా వదిలేయకూడదని.

ఈ "ఎస్" నంబరు ఏమిటంటే, అప్పట్లో అచ్చులు చేత్తో చేసేవాళ్లు. ఒక్కో అక్షరాన్నీ, అంకెనీ, ఆకునీ విడిగా పోగరుతో ఉక్కు అచ్చులోకి కొట్టేవాళ్లు కాబట్టి ఏ రెండు అచ్చులూ ఒకేలా రావు. ఒక అచ్చులో ఎల్ అక్షరం జుట్టుకి దగ్గరగా ఉంటే ఇంకోదాంట్లో దూరంగా ఉంటుంది. ఒకదాంట్లో ఆకు కొన ఎస్ అక్షరం కిందకి వస్తే ఇంకోదాంట్లో పక్కకి పోతుంది. విలియం షెల్డన్ అనే ఆయన 1793 నుంచి 1814 దాకా ఉన్న ఈ అచ్చు జంటలన్నిటికీ 1949లో నంబర్లు ఇచ్చాడు, ఎస్ అంటే షెల్డన్. 1816 తర్వాతవాటికి న్యూకంబ్ నంబర్లు, వాటిని ఎన్ అంటారు. సంవత్సరం కనిపించకపోయినా అక్షరాల స్థానాల్ని బట్టి రకం చెప్పేయొచ్చు. మీ మొదటిదానికీ అలా చెప్పొచ్చు, తల వెనక టోపీకీ లిబర్టీ అనే అక్షరాలకీ మధ్య దూరం, బొరుసు వైపు ఆకుల మధ్య పండ్లు ఎక్కడెక్కడున్నాయో చూస్తే చాలు.

ఈ పద్ధతే మీ రెండో నాణేన్ని కూడా తేలుస్తుంది. 1799 అరుదని పందొమ్మిదో శతాబ్దం నుంచే అందరికీ తెలుసు. అందుకే 1798 నాణెం మీద చివరి 8ని గీకి 9 చేసి అమ్మడం అప్పటి నుంచే నడుస్తోంది, డబ్బా పాతది కాబట్టి నాణెం అసలుదే అనుకోడానికి లేదు. ముందు చివరి అంకె చుట్టూ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూడండి. బల్ల దీపం ఒకటి చాలు, నాణెం దాదాపు అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే, గీకిన చోట రాగి మైదానం, అంటే బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగం, ఒక పిసరు పల్లంగా కనిపిస్తుంది, అక్కడి గీతలు మిగతా నాణెం మీద ఉన్న గీతల దిశలో ఉండవు, రంగు కూడా కొంచెం తేడాగా ఉంటుంది. 9 తోక కింద 8 తాలూకు గుండ్రం ఎడమవైపు మిగిలిపోయి ఉందేమో చూడండి. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. టంకశాలవాళ్లే 1798 అచ్చు మీద 9 కొట్టిన అసలు రకం ఒకటి ఉంది, ఎస్-188, అందులోనూ 9 కింద 8 జాడ కనిపిస్తుంది. కాబట్టి 8 జాడ కనిపించినంత మాత్రాన దొంగదని తేల్చేయకూడదు. మామూలు 1799 ఎస్-189. 1799 అసలు రకాలు ఈ రెండే.

అందుకని అంకె చుట్టూ ఎంత చూసినా ఆఖరి తీర్పు మాత్రం మిగతా నాణెమే ఇవ్వాలి. మంచి వేలం సైట్లలో ఎస్-188, ఎస్-189 పెద్ద ఫోటోలు దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టుకుని లిబర్టీలో ప్రతి అక్షరం జుట్టుకి ఎంత దూరంలో ఉంది, సంవత్సరంలో 1 జుట్టుకి ఎంత దగ్గర, చివరి అంకెకీ వక్షానికీ మధ్య ఎంత సందు, బొరుసు వైపు 1/100 అనే భిన్నంలో 1 కింద గీత ఎక్కడ మొదలైంది, ఇవన్నీ ఒక్కొక్కటే సరిపోల్చండి. గీకేవాడు ఒక్క అంకెని మార్చగలడు గానీ మొత్తం నాణెం మీది అక్షరాల్ని జరపలేడు. స్థానాలన్నీ ఏదో ఒక 1798 రకానికి అతికినట్టు సరిపోతే కథ అక్కడితో అయిపోయింది, చివరి అంకె ఎంత చక్కగా ఉన్నా సరే. ఒహాయోలో ఒక కాయిన్ షోలో ఒకాయన తెచ్చిన 1799 ఇలాగే తేలింది. అంకె దగ్గర పనితనం ఎంత బాగుందంటే భూతద్దంలో కూడా తప్పు పట్టలేకపోయాం, బొరుసు తిప్పి ఆకుల వరుస చూసేసరికి అది 1798 బొరుసు.

అరుదైన 1804 గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు 1803 సెంటు పట్టుకుని ఉన్నారు, ఎవరో ఒకరు "ఇలాంటిదే 1804 ఉంది కొంటారా" అని వస్తారు. అసలు 1804లో 4 చివర చిన్న అడ్డగీత ఉంటుంది, బొరుసు వైపు భిన్నం పెద్దది, సంవత్సరంలోని 0 బొరుసు వైపు "ఆఫ్" అనే మాటలోని ఓ అక్షరానికి సరిగ్గా ఎదురుగా వస్తుంది. ఇవి కలవకపోతే మాట్లాడనక్కర్లేదు. ఇంకో రకం కూడా తిరుగుతుంటుంది, టంకశాల పారేసిన పాత అచ్చుల్ని ఎవరో బయటివాళ్లు బాగుచేసి 1860 ప్రాంతంలో కొట్టినవి. బొమ్మకి 1803 అచ్చు దిద్ది వాడారు, బొరుసుకి 1820 నాటిది పెట్టారు. చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే 1804కి ఆ బొరుసు లేనే లేదు. వాటికి కూడా కొనేవాళ్లున్నారు, కానీ అవి టంకశాల నాణేలు కావు.

మీ 1803 మంచి మామూలు నాణెం. అందులో చూడాల్సింది సంవత్సరం చిన్నదా పెద్దదా అనేది. 1 పైన మొద్దుగా ఉంటే చిన్న సంవత్సరం, మొనదేలి ఉండి 3 కూడా పెద్దగా ఉంటే పెద్ద సంవత్సరం. పెద్ద సంవత్సరం, చిన్న భిన్నం కలిసిన రకం తక్కువగా దొరుకుతుంది, ఒకసారి చూసుకోండి. ఆకుల దండకి కింద కాడలు లేని రకం కూడా ఉంది. ఆ కాలం అచ్చుల్లో పొరపాట్లు బోలెడు. 1801లో ఒక బొరుసు మీద ఏకంగా మూడు తప్పులున్నాయి, నూరో వంతు అని రాయాల్సినచోట 1/000 అని పడింది, యునైటెడ్‌లో మొదటి అక్షరం రెండు ఐలు పక్కపక్కన పెట్టినట్టుంది, ఎడమవైపు కాడ లేదు. 1796లో లిబర్టీని లిహర్టీ అని కొట్టేశారు. ఇవి వెతుక్కోవడంలో ఉన్న ఆనందం కోసమే నాలాంటివాళ్లం ఈ అరిగిపోయిన రాగి పట్టుకుని కూర్చుంటాం.

ఇక్కడ మన తెలుగువాళ్లకి సంబంధించిన ముచ్చట ఒకటి. 1790ల చివర్లో ఫిలడెల్ఫియా టంకశాల ఇంకా ముద్ర కొట్టని రాగి బిళ్లల్ని ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ కర్మాగారం నుంచి తెప్పించుకునేది. అదే సోహోలో 1794లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, రూపాయిలో 48వ వంతు, 96వ వంతు రాగి నాణేలు కొట్టించింది. విశాఖ, రాజమండ్రి వైపు పాత ఇళ్లలో అవి ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి పక్కన పెట్టి చూడమంటాను. బౌల్టన్ బిళ్లల మీద కొట్టిన సెంట్లు నున్నగా, లేత చాక్లెట్ రంగులో నిలబడ్డాయి. మిగతా రాగి అప్పట్లో ఎక్కడ దొరికితే అక్కడిది, ఒక్కోసారి గుంటలతో, పొరలు లేచి ఉండేది. 1799 సెంట్లు ఎక్కువగా నల్లగా, గరుగ్గా దొరకడానికి కూడా బిళ్లల నాణ్యతే కారణం, అందుకని మీ నాణెం నల్లగా ఉందని మాత్రం దిగులు పడొద్దు.

ఇప్పుడు గ్రేడ్. 1 నుంచి 70 దాకా నడిచే ఈ స్కేల్ పుట్టిందే ఈ పెద్ద సెంట్ల కోసం. 1 అంటే ఏదో గుర్తుపట్టగలిగేంత మిగిలింది, 70 అంటే మచ్చ లేనిది. ఒక రకానికి 1 గ్రేడ్‌లో ధర డాలర్ అయితే 70లో డెబ్బై డాలర్లు అని షెల్డన్ లెక్క. ధరల లెక్క ఎప్పుడో మూలపడింది గానీ అంకెలు మిగిలిపోయి ఇవాళ బ్రిటిష్ ఇండియా రూపాయిల ప్లాస్టిక్ పెట్టెల మీద కూడా ఎంఎస్-63 (ఎంఎస్ అంటే వాడకంలో అరగనిది) అని కనిపిస్తున్నది ఆ అంకెలే.

మీ 1803 మీదే నేర్చుకోండి. నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, కింద మెత్తటి బట్ట వేసుకుని, దీపం కింద మెల్లగా వంచుతూ చూడండి. ముందు అరిగేది నుదుటి పైన జుట్టు, భుజం మీద వస్త్రం మడత, బొరుసు వైపు ఆకుల మధ్య ఈనెలు. ముఖం రూపురేఖ, సంవత్సరం, అక్షరాలు చదవగలిగి జుట్టంతా నున్నగా ఉంటే గుడ్, అంటే 4. మెడ వెనక వేలాడే కురుల చివర్లలో కొన్ని గీతలు మిగిలితే వెరీ గుడ్, 8. ఆ కురులు విడివిడిగా కనిపిస్తూ నుదుటి పైన మాత్రం నున్నగా ఉంటే ఫైన్, 12. వస్త్రం మడతలు చాలావరకు కనిపించి, జుట్టులో ఎక్కువ భాగం పాయలు పాయలుగా విడిపోయి ఉంటే వెరీ ఫైన్, 20 నుంచి 30 మధ్య. నుదుటి పైన, కంటి పక్కన వెంట్రుకల గీతలు కూడా తెలిస్తే ఎక్స్‌ట్రా ఫైన్, 40. మీ ఫోటోలో చెవి కింద రెండు కురులు మాత్రమే తెలుస్తున్నాయి, రిబ్బన్ ముడి ఆకారం ఉంది, లోపలి గీత లేదు. నేనైతే వెరీ గుడ్ 8 అంటాను, చేతిలోకి తీసుకుంటే 10 అనొచ్చు.

ఒక జాగ్రత్త. అరగడం వేరు, అచ్చు సరిగ్గా పడకపోవడం వేరు. అరిగిన చోట రాగి నున్నగా మెరుస్తుంది, సరిగ్గా పడని చోట బిళ్ల తాలూకు అసలు గరుకుదనం అలాగే ఉంటుంది. అచ్చులు పగిలేదాకా వాడిన రోజులవి, మైదానం మీద ఉబ్బెత్తు గీత అడ్డంగా పోతుంటే అది గాటు కాదు, అచ్చు పగులు. దానికి మార్కులు తగ్గించరు, పైగా రకం గుర్తుపట్టడానికి పనికొస్తుంది. లోపలికి దిగిన గీత అయితే గాటు.

ఇక్కడిదాకా వచ్చింది వివరం గ్రేడ్. దీని మీద కోతలు మొదలవుతాయి. సన్నటి గుంటలు, చిలుము, అంచు మీద దెబ్బ, లోతు గీతలు, శుభ్రం చేసిన గుర్తులు, అసహజమైన రంగు, ఒక్కోదానికి కొన్ని మార్కులు తీసేసి మిగిలింది నికర గ్రేడ్ అంటారు. 1967లో మొదలైన ఎర్లీ అమెరికన్ కాపర్స్ అనే సేకరణదారుల సంఘం, అందరూ ఈఏసీ అంటారు, ఈ పద్ధతిని గట్టిగా పాటిస్తుంది. నా దగ్గర ఒక 1794 ఉంది. జుట్టు, టోపీ, ఆకులు చూస్తే హాయిగా వెరీ ఫైన్ 25. కానీ మైదానమంతా కంటికి కనిపించీ కనిపించని సన్న గరుకు, బొరుసు అంచు మీద పాత దెబ్బ. సంఘంలో పెద్దవాళ్లు చూసి నికరం ఫైన్ 12 అన్నారు, నేను వేసుకున్న లెక్కా అదే. ఆ నాణేన్నే గ్రేడింగ్ కంపెనీ వెరీ ఫైన్ 20 అని పెట్టెలో పెట్టి పంపింది. ఇందులో మోసమేమీ లేదు, రెండు పద్ధతులు వేరు, అంతే. వేలంలో ధరలు చూసేటప్పుడు ఆ గ్రేడ్ ఎవరిచ్చారో ముందు చూడండి. ఈఏసీ గ్రేడ్ సాధారణంగా కంపెనీ గ్రేడ్‌కన్నా తక్కువుంటుంది, ఎక్కువ చోట్ల ఈఏసీ ఫైన్ కంపెనీ వెరీ ఫైన్‌తో సమానం.

ఈ కోతలు మీ 1812 మీద బాగా పడతాయి. 1808 నుంచి 1814 దాకా వాడిన రాగి మెత్తన, తొందరగా అరిగేది, తొందరగా నల్లబడేది. నక్షత్రాలు కూడా చాలా వాటిలో మొద్దుగా పడ్డాయి, వాటిని చూసి అరుగుదల లెక్క కట్టకండి, తల పట్టీ మీద లిబర్టీ అక్షరాలు, చెవి పైన జుట్టు చూడండి. ఆ ఏళ్ల సెంట్లలో నున్నటి గోధుమ రంగుది దొరకడమే కష్టం, అందుకని కొంచెం నలుపుని మార్కెట్ క్షమిస్తుంది, గుంటల్ని క్షమించదు. మీదానికి వివరం ఫైన్ 12 ఉంది, తలకి ఎదురుగా గుంటలున్నాయి, నికరం వెరీ గుడ్ 7 లేదా 8. 1812లోనే ఇంగ్లండ్‌తో యుద్ధం మొదలై రాగి బిళ్లలు రావడం ఆగిపోయింది, చివరికి 1815 సెంటే లేకుండా పోయింది.

1851 మీద ఎక్కువ చెప్పడానికి లేదు. జడ మీది పూసలు కూడా స్పష్టంగా ఉన్నాయి, వివరం ఎక్స్‌ట్రా ఫైన్ 40 వస్తుంది, కానీ మెరుగుపెట్టడంతో నికరం వెరీ ఫైన్‌కి, ఇంకా తక్కువకి దిగిపోతుంది. కంపెనీకి పంపితే అంకె ఇవ్వరు, "వివరాలు మాత్రమే, శుభ్రం చేసింది" అని రాసి పంపుతారు. సంవత్సరంలో 51 కింద తలకిందులుగా 18 జాడ ఉందేమో మాత్రం భూతద్దంతో చూడండి, సంవత్సరం ముద్ర తిరగేసి కొట్టి మళ్లీ సరిచేసిన రకం ఒకటి ఉంది. లేకపోతే పిల్లలకి చూపించడానికి ఉంచుకోండి, చేతిలో పెట్టుకుని చూసుకునే నాణెం ఒకటి ఇంట్లో ఉండాలి కదా.

ఎర్రగా మెరిసే పాత సెంటు ఎవరైనా అమ్మజూపితే తొందరపడకండి. నిజంగా టంకశాల ఎరుపు మిగిలినవి ఉన్నాయి, 1816 నుంచి 1820 మధ్యవి కొంచెం ఎక్కువే ఉన్నాయి, అంతర్యుద్ధం తర్వాత జార్జియాలో ఒక పీపాలో దొరికిన నిల్వ వల్ల, దాన్ని ర్యాండల్ హోర్డ్ అంటారు. 1818, 1820 అలా ఎర్రగా కనిపించడం వింత కాదు. 1803 ఎర్రగా కనిపిస్తే మాత్రం ముందు అనుమానమే.

నకిలీల గురించి: అయస్కాంతానికి అతుక్కుంటే ఇంకేం చూడనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దపు ఎలక్ట్రోటైప్‌లు మాత్రం చూడటానికి చాలా బాగుంటాయి, ఎందుకంటే అసలు నాణెం అచ్చు తీసి రెండు పలచటి రాగి రేకులు చేసి మధ్యలో సీసం పోసి అతికించినవి. వాటి అంచు మీద చుట్టూ సన్న అతుకు గీత కనిపిస్తుంది, బరువు తేడా వస్తుంది. చెయిన్ సెంట్లు, 1799 లాంటి ఖరీదైనవాటికే ఇవి ఎక్కువ. ఇప్పటి కొత్త నకిలీలు ఆన్‌లైన్లో కుప్పలుగా ఉన్నాయి. రెండు వేర్వేరు నాణేల మీద ఒకే చోట ఒకే ఆకారం గాటు కనిపిస్తే రెండూ ఒకే నకిలీ అచ్చులోంచి వచ్చినవే.

మరి ఏం చేయొచ్చు? పట్టిన జిడ్డు, పాత ప్లాస్టిక్ కవర్ వదిలిన ఆకుపచ్చ జిగురు పోవాలంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో నానబెట్టి, రుద్దకుండా తీసి ఆరబెట్టండి. గోళ్ల రంగు తీసే ద్రవం వాడకండి, అందులో వేరేవి కలుస్తాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టుకోవద్దు, కిటికీలు తెరవండి. గట్టి చిలుము మచ్చకి పాతకాలం రాగి సేకరణదారులు గులాబీ ముల్లు వాడతారు, మినరల్ ఆయిల్ చుక్క వేసి కొన్నాళ్లు నాననిచ్చి ముల్లు కొనతో మచ్చని మాత్రం కొంచెం కొంచెంగా లేపుతారు. ముల్లు రాగికన్నా మెత్తన కాబట్టి గీత పడదు. సూది వాడితే పడుతుంది. ఇది మీ 1851 మీద తప్ప వేరేదాని మీద సాధన చేయకండి. తర్వాత సన్న జుట్టు బ్రష్‌తో మెల్లగా దుమ్ము తీయడం, అంతే. దాచడానికి మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, నూలు సంచిలో పెట్టి కాగితపు కవర్లో దాచడం మంచిది. నాణేల్ని విశాఖ లాంటి సముద్రపు గాలి ఊరికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి, చిలుము అక్కడ వానాకాలంలోనే మొదలైపోతుంది.

పంపడం సంగతి: రెండోది 1799 అని స్థానాలు కలిస్తే నేరుగా గ్రేడింగ్‌కి పంపండి, అప్పుడు ఫీజు లెక్కలోకి రాదు, పైగా ఆ సంవత్సరాన్ని పెట్టె లేకుండా ఎవరూ కొనరు. మొదటిది అరుదైన రకం అయితేనే పంపండి. మిగతా మూడూ వద్దు.

ఇప్పుడు నాకు కావాల్సింది ఇవి: మొదటిదాని అంచు ఫోటో, నాలుగు వైపుల నుంచి. రెండోదాని బొమ్మ, బొరుసు రెండూ నిటారుగా పైనుంచి తీసినవి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో. రెండోదాని బరువు కూడా. అంతగా అరిగిన 10.89 గ్రాముల సెంటు ఇప్పుడు 10కి అటూ ఇటూ ఉంటే సబబే, 9 కిందకి పోతే ఆలోచించాలి. బొరుసు ఫోటోలో ఆకుల కొనలు స్పష్టంగా పడితే చాలు, అది ఏ రకమో నేను సరిపోల్చి చెప్తాను.